యుద్ధం దేవుని చిత్తమా, మన పాపమా?



ఎక్కడ యుద్ధం వచ్చినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "ప్రవచనం నెరవేరుతోంది, జరగాల్సిందే జరుగుతోంది." వినడానికి భక్తిగానే ఉంటుంది. కానీ నేను ఒప్పుకోను. మనుషుల పాపాన్ని దేవుని మీద వేయడం భక్తి కాదు.

1914 సంగతి చూడండి. జూన్ 28న సరయేవోలో గవ్రీలో ప్రిన్సిప్ అనే 19 ఏళ్ల కుర్రాడు ఆస్ట్రియా యువరాజునీ ఆయన భార్యనీ కాల్చి చంపాడు. అందువల్లే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిందని బడిలో చదువుకున్నాం. కానీ ఆ హత్యకూ మొదటి యుద్ధ ప్రకటనకూ మధ్య ముప్పై రోజులున్నాయి. ఆగాలనుకుంటే ఆగడానికి అది చాలు.

ఎవరూ ఆగలేదు. జూలై 5న జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్, ఏం చేసినా మీ వెంటే ఉంటానని ఆస్ట్రియాకు మాటిచ్చాడు. 23న ఆస్ట్రియా 48 గంటల గడువుతో సెర్బియాకు షరతులు పంపింది. సెర్బియా చాలావాటికి తలవంచింది. అయినా 28న యుద్ధం ప్రకటించింది. 30న రష్యా మొత్తం సైన్యాన్ని సిద్ధం చేయమని ఆజ్ఞ ఇచ్చింది. ఆగస్టు 4న ఫ్రాన్స్ మీదికి పోవడానికి జర్మనీ బెల్జియంలోకి చొరబడింది. అదే రోజు బ్రిటన్ దిగింది. ఒకరికి పరువు, ఒకరికి పొరుగువాడు బలపడతాడన్న భయం, అందరికీ గర్వం.

వీళ్లెవరు? బాప్తిస్మం పొందినవాళ్లే! విల్‌హెల్మ్, బ్రిటన్ రాజు ఐదవ జార్జి ఇద్దరూ విక్టోరియా రాణి మనవళ్లు. రష్యా చక్రవర్తి భార్య ఆమె మనవరాలు. ఎంతోమంది జర్మన్ సైనికుల బెల్టు బిళ్ల మీద దేవుడు మాతో ఉన్నాడని రాసి ఉండేది. అన్ని దేశాల్లోనూ బోధకులు ప్రసంగ వేదికల మీద నుండి తమ సైన్యాలను దీవించారు.

ఆ అక్టోబరులో 93 మంది జర్మన్ పండితులు తమ దేశాన్ని సమర్థిస్తూ ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. హార్నాక్ వంటి గొప్ప వేదాంత పండితులూ అందులో ఉన్నారు. తన గురువుల పేర్లు అక్కడ చూసి స్విట్జర్లాండులో సాఫెన్‌విల్ అనే పల్లెలో పాస్టరుగా ఉన్న కార్ల్ బార్త్ నిర్ఘాంతపోయాడు. వాళ్ల బోధనే మళ్లీ పరీక్షించడం మొదలుపెట్టాడు. సెమినరీలో ఈ సంగతి పరీక్ష కోసం చదివాను. ఇప్పుడు వేదిక ఎక్కే ముందు భయంతో గుర్తుచేసుకుంటాను.

"పాస్టరుగారూ, యుద్ధాలు వస్తాయని ప్రభువే చెప్పాడు కదా" అంటారు. అవును, చెప్పాడు. యూదా అప్పగిస్తాడని కూడా చెప్పాడు. అంతమాత్రాన యూదా నిర్దోషి అయ్యాడా? వాక్యం ముందే చెప్పింది గనుక పాపం పాపం కాకుండా పోదు. యుద్ధాలు ఎక్కడ నుండి వస్తాయో యాకోబు పత్రిక 4వ అధ్యాయం తీసి చదవండి. అది ఆకాశంవైపు కాదు, మన గుండెవైపే వేలు చూపిస్తుంది. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముల్ని విడదీసేదీ ఆ గర్వమే.

కాబట్టి యుద్ధం వీడియో ఫార్వర్డ్ చేసే ముందు మోకరించండి. చనిపోతున్నవారి కోసం ఏడ్వండి. మీరు మాట్లాడని సహోదరుని ఇంటికి ఈ వారమే వెళ్లండి. సమాధానకర్తయైన ప్రభువు మనకు మారుమనస్సు దయచేయును గాక. ఆమేన్.