తాతయ్య మీట ఎక్కడికి పోయింది?

పిల్లలూ! ఈ నెల ఉత్తరాల కట్టలో ఆరవ తరగతి చదివే ఒక అమ్మాయి వ్రాసిన ఉత్తరం ఉన్నది. ముందు అది చదవండి.

"మామయ్యగారూ! మా తాతయ్య బళ్ళో మేష్టారుగా పనిచేశారు. రిటైరయ్యాక కంప్యూటరు నేర్చుకుని మా వీధి గ్రంథాలయం లెక్కలన్నీ ఆయనే వ్రాసేవారు. పాత కంప్యూటరు పాడయితే నాన్న కొత్తది తెచ్చారు. ఇందులో ఎడమ మూలన ఉండవలసిన మీట మధ్యకు వచ్చింది. నొక్కితే వచ్చే పట్టిక కూడా వేరు. తాతయ్య రెండు రోజులు తంటాలుపడి, 'నా బుర్ర మొద్దుబారిందే అమ్మా, ఇక నావల్ల కాదు' అని లేచిపోయారు. మళ్ళీ కూర్చోలేదు. ఆ పాత పట్టికను తెప్పించటానికి వీలుందా?"

ఉన్నది తల్లీ. కాని ముందు తాతయ్యగారి బుర్ర సంగతి తేల్చుదాం. అమ్మ పోపు వేసేటప్పుడు ఎప్పుడైనా చూశావా? కబుర్లు చెబుతూనే ఉంటుంది, చెయ్యి పోపుల డబ్బాలో ఆవాల గిన్నె దగ్గరకు తానే పోతుంది. ఎవరో ఆ గిన్నెలను అటూ ఇటూ మార్చేశారనుకో. ఆవాలకు బదులు మెంతులు పడతాయి. అంతమాత్రాన అమ్మకు వంట రాదంటామా? తాతయ్యగారికి జరిగింది కూడా ఇంతే.

ఈ మీట కథ చిత్రమైనది. 1995కు ముందు విండోస్‌లో స్టార్టు మీట అనేదే లేదు. తెరమీద పెట్టెలు, పెట్టెల్లో బొమ్మలు ఉండేవి. ఒకటి తెరిస్తే ఇంకొకటి దానికింద దాక్కునేది. కొత్తవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక దిక్కులు చూసేవాళ్ళు. అప్పుడు అమెరికాలో మైక్రోసాఫ్టు కంపెనీలో పనిచేసే డానీ ఓరన్ మొదలైనవాళ్ళు తెర అడుగున ఒక పట్టీ, పట్టీకి ఒక మూలన మీట పెట్టారు. మీటమీద "స్టార్టు" అని వ్రాశారు. నొక్కగానే, హోటలులో ఇడ్లీ, దోసె, ఉప్మా అని వ్రాసిపెట్టినట్టు, కంప్యూటరులో ఉన్న ప్రోగ్రాముల పట్టిక వచ్చేది. ఇది 1995 ఆగస్టు 24న విండోస్ 95తో లోకానికి వచ్చింది. పట్టిక రూపు మారుతూ వచ్చినా, మీట మాత్రం 17 ఏళ్ళు ఆ మూలనే ఉన్నది.

2012 అక్టోబరు 26న విండోస్ 8 వచ్చింది. చూస్తే మీట లేదు! అప్పటికి వేలితో తాకి నడిపే పలకల వంటి కంప్యూటర్లు వచ్చాయి. వేలికి చిన్న అక్షరాల పట్టిక అందదు, పెద్ద పెద్ద గళ్ళు కావాలి. అందుకని తెరనిండా గళ్ళు పరిచారు. ఆలోచన మంచిదే. కాని మౌసుతో పనిచేసేవాళ్ళకు కూడా అదే ఇచ్చారే, అది మాత్రం నాకు నచ్చలేదు. కంప్యూటరును ఆపటం ఎలాగో తెలియక తిప్పలుపడినవాళ్ళు ఎందరో! మరుసటి ఏడు 8.1లో మీట తిరిగి వచ్చింది గాని, నొక్కితే మళ్ళీ ఆ గళ్ళే. 2015లో విండోస్ 10తో పట్టిక కూడా వచ్చింది. 2021లో విండోస్ 11 దాన్ని తెర మధ్యకు జరిపింది.

ఈలోగా ఐవో బెల్చేవ్ అనే ప్రోగ్రామరు ఒకాయన 2009లోనే "క్లాసిక్ షెల్" అనే ప్రోగ్రాము వ్రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాన్ని పెట్టుకుంటే పాత పట్టిక తిరిగి వచ్చేది. కాని విండోస్ తరచు మారుతుంటే, ప్రతిసారీ దీన్నీ సరిచెయ్యాలి గదా! 2017 డిసెంబరులో, ఇక తీరిక లేదని ఆయన విరమించుకున్నాడు. పోతూ పోతూ, తాను వ్రాసినదంతా ఎవరైనా చదివి దిద్దుకునేటట్టు బయటపెట్టాడు. మరికొందరు అందుకుని "ఓపెన్ షెల్" అనే పేరుతో దాన్ని నడుపుకొచ్చారు.

ఇక్కడ ఒక దొంగ కథ కూడా ఉన్నది. 2016 ఆగస్టులో కొందరు దుండగులు క్లాసిక్ షెల్ ఉంచిన చోట చొరబడి, అసలుది తీసేసి నకిలీది పెట్టారు. తెలియక దాన్ని దించుకున్నవాళ్ళు కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తే అది లేవలేదు. ఎలా లేవాలో చెప్పే మొదటి పుటను నకిలీ ప్రోగ్రాము చెరిపేసింది మరి! అయితే ఒక గుర్తు ఉన్నది. కొత్త ప్రోగ్రామును లోపలికి రానిచ్చే ముందు విండోస్ "రానివ్వనా?" అని అడిగి, తయారుచేసినవారి పేరు చూపిస్తుంది. అసలుదానికి బెల్చేవ్ పేరు వచ్చేది. నకిలీదానికి, తయారుచేసినదెవరో తెలియదని వచ్చింది. ఆ ఒక్క ముక్క చదివి ఆగినవాళ్ళు బతికిపోయారు.

కాబట్టి అమ్మాయీ, ముందు తేలిక పని చెయ్యి. తెర అడుగు పట్టీమీద ఖాళీ చోట మౌసు కుడి మీట నొక్కు. "టాస్క్‌బార్ సెట్టింగ్స్" అని వస్తుంది. అందులో "టాస్క్‌బార్ బిహేవియర్స్" తెరిచి, "సెంటర్" అని ఉన్నచోట "లెఫ్ట్" అని మార్చు. మీట తన మూలకు వెళ్ళి కూర్చుంటుంది. ఇందుకు బయటినుంచి ఏదీ తేనక్కరలేదు. మౌసు చేతికి లొంగనినాడు, కీబోర్డుమీద కిటికీ బొమ్మ ఉన్న మీట నొక్కినా పట్టిక వస్తుందని తాతయ్యగారికి చూపించు.

ఇది చాలకపోతేనే ఓపెన్ షెల్. ఆ పని నువ్వు ఒక్కదానివే చెయ్యవద్దు, నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకో. తయారుచేసేవాళ్ళ సొంత చోటునుంచే దించండి, గ్రంథాలయం లెక్కలకు ముందే ఒక నకలు తీసి వేరేచోట పెట్టండి. అందులో మూడు రకాల పట్టికలు ఉంటాయి: ఒకే వరుసది, రెండు వరుసలది, విండోస్ 7 వంటిది. ఏది కావాలో నువ్వు తేల్చకు. మూడూ తెరిచి చూపించి, తాతయ్యగారి చెయ్యి దేనిమీదకు పోతుందో చూడు. ఏది ఎంచుకున్నారో నాకు వ్రాయి.

మీ
మామయ్య