336 రోజుల ఏడాది: వార్షిక రీఛార్జ్‌లో నిజంగా మిగిలేదెంత?

2024 జూన్ 27న రిలయన్స్ జియో తన ప్రీపెయిడ్ ధరలు పెంచుతున్నట్టు ప్రకటించింది. మర్నాడు ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కూడా అదే బాట పట్టాయి. కొత్త ధరలు జూలై 3, 4 తేదీల్లో అమల్లోకి వచ్చాయి. మధ్యలో దొరికిన ఆ ఐదారు రోజుల్లో రూ.2,999 పెట్టి ఏడాది ప్లాన్ వేయించుకున్నవారు 2025 జూలై దాకా ధరల గొడవ లేకుండా గడిపారు. వారం ఆలస్యం చేసినవారు అదే ప్లాన్‌కు రూ.3,599 కట్టారు. తేడా రూ.600, అంటే 20 శాతం.

ఆ జూలై చాలామందికి ఇంకా గుర్తుంది. అందుకే ధరలు మళ్లీ పెరగబోతున్నాయన్న వార్త వచ్చినప్పుడల్లా 'ఏడాదిది ఒకేసారి వేయించేస్తే పోలా' అన్న మాట ఇళ్లలో వినిపిస్తోంది. పెంపు భయానికి ఆధారం లేకపోలేదు. ఒక్కో వినియోగదారుడి నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం రూ.300కు చేరాలన్నది ఎయిర్‌టెల్ ఏళ్ల తరబడి బహిరంగంగా చెబుతున్న లక్ష్యం. 2025 జూలై-సెప్టెంబరు త్రైమాసికంలో అది రూ.256 దగ్గర ఉంది. జియోది రూ.211 చిల్లర. ఈ అంకెలు ఇక్కడే ఆగిపోతాయని ఎవరూ అనుకోవడం లేదు.

అయితే ఏడాది ప్లాన్ అంటే ప్రతిసారీ చౌక అనుకోవడం పొరపాటు. కొన్ని ప్లాన్లలో అది నిజంగానే చౌక. మరికొన్నింటిలో ఏడాది డబ్బు ముందే తీసుకుని కంపెనీ తిరిగి ఇచ్చేది ఒక హోటల్ టిఫిన్ ఖరీదు. వేటిలో ఎంతన్నది ప్లాన్ మీద రాసిన ధరను చూస్తే తెలియదు. రోజుకు ఎంత పడుతుందో లెక్కేస్తేనే తెలుస్తుంది.

28, 84, 336, 365

టెలికాం కంపెనీల నెలకు 28 రోజులే. ఆ లెక్కన ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జ్‌లు. 30 రోజుల ప్లాన్ ఒకటి, ప్రతి నెలా అదే తేదీన వేయించుకునే ప్లాన్ ఒకటి తప్పనిసరిగా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలో ఆదేశించింది. కంపెనీలు ఉంచాయి కూడా. కానీ అమ్మకాల్లో రాజ్యం ఇప్పటికీ 28దే.

జియోలో రోజుకు 2 జీబీ వచ్చే 28 రోజుల ప్లాన్ రూ.349. రోజుకు పన్నెండున్నర రూపాయలు. అలా ఏడాది పొడవునా వేయిస్తే దాదాపు రూ.4,550 అవుతుంది. అదే 2 జీబీని 84 రోజుల ప్లాన్‌లో తీసుకుంటే రూ.859. ఏడాదికి లెక్కగడితే రూ.3,733. ఇక రూ.3,599 వార్షిక ప్లాన్‌లో రోజుకు రూ.9.86 పడుతుంది, డేటా కూడా అర జీబీ ఎక్కువ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. నెల ప్లాన్ నుంచి 84 రోజుల ప్లాన్‌కు మారితేనే ఏడాదికి రూ.800కు పైగా మిగిలింది. అక్కడి నుంచి ఏడాది ప్లాన్‌కు వెళితే అదనంగా మిగిలేది రూ.134. ఆ 134 కోసం మొదటి రోజే మరో రూ.2,740 చేతి నుంచి వదులుకోవాలి. ఏడాది మధ్యలో ధరలు 10 శాతం పెరిగాయనే అనుకుందాం. 84 రోజుల ప్లాన్ వాడేవారి మీద మిగతా ఆరు నెలలకు పడే భారం రూ.190 లోపే. అంటే పెంపు వచ్చినా ఏడాది ప్లాన్ వల్ల మొత్తం లాభం రూ.320 దాటదు.

ఎయిర్‌టెల్‌లో కథ వేరు. అక్కడ రోజుకు 2 జీబీ ఇచ్చే 84 రోజుల ప్లాన్ రూ.979. ఏడాదికి రూ.4,254 అవుతుంది. వార్షిక ప్లాన్ అదే 2 జీబీతో రూ.3,599. మిగులు రూ.655. ఎయిర్‌టెల్ సిగ్నల్ బాగుండి, డేటా గట్టిగా వాడే ఇంట్లో ఈ మొత్తాన్ని కాదనడానికి కారణం లేదు. రెండు కంపెనీల ఏడాది ప్లాన్ల మీద ఒకే ధర ఉంది. పొదుపు మాత్రం ఐదింతల తేడా.

డేటా వద్దన్నవారికి దక్కింది

ఈ లెక్కలన్నీ చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవారివి. దేశంలో ఇప్పటికీ కోట్లమంది కీప్యాడ్ ఫోన్లే వాడుతున్నారు. ఊళ్లో ఉండే తల్లిదండ్రులకు ఫోన్ అంటే పిల్లల కాల్ ఎత్తడం, బ్యాంకు ఓటీపీ, గ్యాస్ బుకింగ్, పీఎం కిసాన్ ఈ-కేవైసీ. వాళ్లూ ఏళ్ల తరబడి వాడని డేటాకు డబ్బు కడుతూ వచ్చారు.

2024 డిసెంబరు 23న ట్రాయ్ వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరించింది. కాల్స్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పరిమితమైన ప్రత్యేక వోచర్లను ప్రతి కంపెనీ అమ్మి తీరాలంది. ఇలాంటి వోచర్ల గడువు అప్పటిదాకా 90 రోజులకు మించకూడదు. దాన్ని 365 రోజులకు పెంచింది. ఉద్దేశం మంచిదే. ఆ తర్వాత నెల రోజుల్లో జరిగింది చూడాలి.

అప్పటికి ఎయిర్‌టెల్ దగ్గర 365 రోజులకు 24 జీబీతో రూ.1,999 ప్లాన్ ఉండేది. డేటా మొత్తం తీసేసి, అదే ప్లాన్‌ను రూ.1,959కి పెట్టింది. అంటే 24 జీబీకి కంపెనీ కట్టిన వెల 40 రూపాయలు. జియో తన వాయిస్ ప్లాన్‌ను 365 రోజులకు రూ.1,958గా ప్రకటించింది. విమర్శలు రావడంతో కొత్త ధరలను పరిశీలిస్తామని ట్రాయ్ చెప్పింది. రోజుల వ్యవధిలో రెండు కంపెనీలూ దిగివచ్చాయి. ఎయిర్‌టెల్ ధర రూ.1,849 అయింది, గడువు అలాగే 365 రోజులు. నిజమైన తగ్గింపు.

జియో ధర రూ.1,748 అయింది. ఒకేసారి రూ.210 తగ్గిందని వార్తలు వచ్చాయి. గడువు మాత్రం 365 నుంచి 336 రోజులకు పడిపోయింది. 28ని 12తో గుణిస్తే వచ్చేది 336. కంపెనీ నెలలు పన్నెండు కలిపితే అయ్యే ఏడాది అది, క్యాలెండర్ ఏడాది కాదు. పాత ధరలో రోజుకు రూ.5.36 పడేది, కొత్త ధరలో రూ.5.20. పైకి కనిపించిన తగ్గింపు దాదాపు 11 శాతం, అసలు తగ్గింపు 3 శాతం. ఎయిర్‌టెల్ రూ.1,849 పక్కన జియో రూ.1,748 నూరు రూపాయలు చౌకగా కనిపిస్తుంది. 365 రోజులకు సరిచేస్తే జియోదే రూ.50 ఎక్కువ.

ఇంకా విచిత్రం ఏమిటంటే జియోలోనే 84 రోజుల వాయిస్ ప్లాన్ రూ.448కి ఉంది. దాన్ని నాలుగుసార్లు వేయిస్తే సరిగ్గా అదే 336 రోజులకు రూ.1,792. పదకొండు నెలల డబ్బు ముందే కట్టినందుకు దక్కే తగ్గింపు అక్షరాలా 44 రూపాయలు. ఎయిర్‌టెల్‌లో ఇదే పోలిక (84 రోజులకు రూ.469) ఏడాదికి రూ.189 మిగులు చూపిస్తుంది.

పనిలో పనిగా ఎయిర్‌టెల్‌లో మరో మార్పు జరిగిపోయింది. ఇంట్లో వైఫై ఉండి బయటికి వెళ్లినప్పుడు మాత్రమే కాస్త డేటా కావలసినవారికి రూ.1,999 ప్లాన్ సరిగ్గా సరిపోయేది. దాని స్థానంలో 30 జీబీతో రూ.2,249 ప్లాన్ వచ్చింది. డేటా వద్దన్నవారికి 150 తగ్గింది, కొంచెం చాలన్నవారికి 250 పెరిగింది. అయినా ఈ వర్గానికి ఈ ప్లాన్ ఇప్పటికీ మేలే. వాయిస్ ప్లాన్‌తో పోలిస్తే అదనంగా కట్టే రూ.400కు జీబీ 13 రూపాయల చొప్పున పడుతుంది. పైగా రోజువారీ కోటా లాగా ఆ డేటా అర్ధరాత్రికి ఆవిరైపోదు, ఏడాదిలో ఎప్పుడైనా వాడుకోవచ్చు.

నంబరు బతికించుకునే ఖర్చు

ఒకప్పుడు ఇన్‌కమింగ్‌కు జీవితకాలం అనే మాట ఉండేది. 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా 28 రోజులకు రూ.35 కనీస రీఛార్జ్ పెట్టాయి. ఏడాదికి దాదాపు రూ.450. 2023 జనవరిలో ఎయిర్‌టెల్ కనీస రీఛార్జ్‌ను రూ.99 నుంచి రూ.155కు పెంచిన సర్కిళ్లలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. టెలికాం లెక్కల్లో తెలంగాణ కూడా ఇప్పటికీ ఆ సర్కిల్‌లోదే. 2024 జూలై తర్వాత ఎయిర్‌టెల్‌లో 28 రోజులకు రూ.199. ఏడాదికి దాదాపు రూ.2,600. ఐదారేళ్లలో ఐదింతలకు పైగా.

దీని పక్కన పెడితే రూ.1,849 వాయిస్ ప్లాన్ ఊరటే. కానీ ఉపాధి హామీ పనిలో 2025-26కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలీ రూ.307. ఏడాది పాటు కాల్ అందుకోవడానికి ఆరు రోజుల కూలీ ఒకేసారి పెట్టాలి. ఆ స్తోమత లేక నెలనెలా రూ.199 వేయించుకునేవారు ఏడాది చివరికి రూ.750 ఎక్కువ కడుతున్నారు. ఒకేసారి కట్టలేనివారి దగ్గరే ఎక్కువ వసూలవడం ప్రీపెయిడ్ ధరల్లో కొత్తేమీ కాదు. రెండు పడవల మధ్య ఉన్నవారికి 84 రోజుల రూ.469 ప్లాన్ నయం.

నంబరు పోతే జరిగే నష్టం కూడా ఇప్పుడు రీఛార్జ్ ధర కంటే పెద్దది. రద్దయిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి కేటాయించవచ్చు. పనిచేయని, చేతులు మారిన నంబర్లను యూపీఐ నుంచి తొలగించాలని ఎన్‌పీసీఐ 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులకు గడువు పెట్టింది. ఆధార్ ఓటీపీ కూడా ఆ నంబరుకే వస్తుంది. ఖాతాలో కనీసం రూ.20 బ్యాలెన్స్ ఉంటే, 90 రోజులు వాడకపోయినా 30 రోజులకు రూ.20 చొప్పున కోసుకుని నంబరును ఉంచాలన్న ట్రాయ్ నిబంధన 2013 నుంచీ ఉంది. అయితే అది నంబరు రద్దు కాకుండా ఆపుతుందే తప్ప, మాట్లాడుకోవడానికి ప్లాన్ ఉండాల్సిందే.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటూ బ్యాంకు ఓటీపీల కోసం ఇక్కడి సిమ్‌ను కాపాడుకునే తెలుగువారికి కూడా ఇదే లెక్క. వారికి రోజువారీ డేటాతో పనిలేదు కాబట్టి రూ.3,599 దండగ. ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకుని వాయిస్ ప్లాన్ వేయించుకుంటే చాలు. 336 రోజులది వేయించినవారు గడువు తేదీని రాసి పెట్టుకోవడం మంచిది. ఏడాదే కదా అన్న ధీమాలో ఉంటే నెల ముందే సర్వీసు ఆగిపోతుంది.

రెండో సిమ్‌కు అందరికంటే తక్కువ చెబుతున్నది బీఎస్ఎన్ఎల్. 365 రోజులకు రూ.1,198 ప్లాన్‌లో నెలనెలా 300 నిమిషాలు, 3 జీబీ, 30 ఎస్ఎంఎస్‌లు ఇస్తోంది. రోజుకు మూడున్నర రూపాయల లోపే. చిక్కల్లా నెట్‌వర్క్‌తో. ధరలు పెరిగిన 2024 జూలైలో ఆ సంస్థలోకి 29 లక్షలకు పైగా కనెక్షన్లు చేరాయి. అదే నవంబరులో 3 లక్షలకు పైగా తగ్గిపోయాయి. స్వదేశీ పరిజ్ఞానంతో 4జీ సేవలను 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధాని ప్రారంభించారు. తొంభై వేలకు పైగా టవర్లు సిద్ధమయ్యాయన్నది ప్రభుత్వ లెక్క. దేశంలో ఎన్ని టవర్లున్నా వినియోగదారుడికి కావలసింది తన వీధిలో ఒకటి. చిన్న ప్లాన్‌తో ఒక నెల వాడి చూడకుండా ఏడాదికి కట్టడం తొందరపాటే.

ఎందుకంటే ఏడాది ప్లాన్‌లో అసలు ముడి బయటికి వచ్చేటప్పుడు పడుతుంది. ప్రీపెయిడ్ నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేస్తే మిగిలిన బ్యాలెన్స్, మిగిలిన గడువు రెండూ పోతాయి. రూ.3,599 కట్టిన ఐదు నెలలకు ఇల్లు మారి, కొత్త ఇంట్లో సిగ్నల్ అందకపోతే పోయేది దాదాపు రూ.2,100. 84 రోజుల ప్లాన్‌లో ఉన్నవారికి ఎంత దురదృష్టం ఎదురైనా పోయేది రూ.859 లోపే. కంపెనీయే కుదేలైతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఎయిర్‌సెల్ దివాలా ప్రక్రియకు వెళ్లినప్పుడు తమిళనాడు చూసింది. సిగ్నల్ ఆగిపోయి లక్షలమంది పోర్టింగ్ కోడ్‌ల కోసం పరుగులు తీశారు. 2025 మార్చి ఆఖరులో రూ.36,950 కోట్ల బకాయిలను వాటాలుగా మార్చుకుని వొడాఫోన్ ఐడియాలో దాదాపు 49 శాతానికి చేరిన కేంద్రం, ఆ సంస్థకు అలాంటి గతి పట్టనివ్వదన్న నమ్మకం మార్కెట్‌లో ఉంది. ఆ నమ్మకం మీద మూడు నెలలకు కట్టడం వేరు, పన్నెండు నెలలకు కట్టడం వేరు.

పోర్ట్ అయ్యేవారికి మిగిలిన రోజుల డబ్బు తిరిగి ఇవ్వాలన్న షరతు మాత్రం, వోచర్ల గడువును 90 నుంచి 365 రోజులకు పెంచిన ఆ సవరణలో ఎక్కడా లేదు.