ఇంటి కంప్యూటర్‌కు తాళం: నేరమా, హక్కా?

"తప్పు చేయనివాడికి తాళమెందుకు?" ఇంట్లోని కంప్యూటర్‌ను గుప్తీకరించుకోండి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసుకోండి అని చెప్పిన ప్రతిసారీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. అడిగేది బయటివారు మాత్రమే కాదు, మన పెద్దలూ అడుగుతారు. మస్జిద్ కమిటీల బాధ్యులూ అడుగుతారు. అడిగిన వారందరి ఇళ్లకూ తాళాలుంటాయి, బీరువాలకు చెవులుంటాయి, గుమ్మాలకు పరదాలుంటాయి. వాటిని చూసి ఆ ఇంట్లో నేరం జరుగుతోందని ఎవరూ అనుకోరు. ఒక్క కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం తాళం అనుమానానికి గుర్తు అయిపోతుంది. ఈ వాదనను ఇక సహించకూడదు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఒక సాధారణ ముస్లిం ఇంటి కంప్యూటర్‌లో ఏముంటుంది? గల్ఫ్‌లో ఉన్న కొడుకు పాస్‌పోర్టు, వీసా, ఇఖామా నకళ్లు. కంపెనీతో కుదిరిన ఒప్పందం, బ్యాంకు లెక్కలు. బీడీలు చుట్టే తల్లి పీఎఫ్ కాగితాలు. మరమగ్గాల ఆసామి బాకీల పద్దు. కూతురి నికాహ్ ఫొటోలు, కోడలి వైద్య పరీక్షల నివేదికలు. వీటిలో దాచవలసిన నేరం ఒక్కటీ లేదు. పరాయివాడు చూడవలసినదీ ఒక్కటి లేదు. నేరానికీ గోప్యతకూ మధ్య ఉన్న ఈ తేడాను చెరిపివేయడమే "తాళమెందుకు" అనే ప్రశ్న చేసే పని.

ఈ ప్రశ్నను ప్రభుత్వ యంత్రాంగాన్ని కూడా అడిగి చూడండి. 2024 మార్చిలో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసులో పోలీసులు తొలుత అరెస్టు చేసిన అధికారి సిరిసిల్లలో పనిచేసిన డీఎస్పీ. అంతకుముందు ఆయన పనిచేసిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో, 2023 డిసెంబరు నాటి ఎన్నికల ఫలితాల తర్వాత, హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నది ఆయనపై ఉన్న ప్రధాన అభియోగం. నిజానిజాలు న్యాయస్థానం తేల్చాలి. కానీ అందరి మాటలూ వినగల యంత్రాంగంలోనే డిస్కులు పగలగొట్టారన్న కేసు నడుస్తున్న రాష్ట్రంలో, బీడీ కార్మికురాలి ఇంటి డిస్కుకు తాళం ఎందుకని అడగడం ఎంత విడ్డూరం!

2022 సెప్టెంబరు 18న జాతీయ దర్యాప్తు సంస్థ తెలంగాణలో 38 చోట్ల సోదాలు జరిపింది. వాటిలో 7 జగిత్యాల జిల్లాలోవి. స్వాధీనం చేసుకున్న వాటిలో డిజిటల్ పరికరాలున్నాయని ఆ సంస్థే ప్రకటించింది. ఆ కేసు మంచిచెడులు మన చర్చాంశం కాదు. ఇలాంటి సోదాల తర్వాత మన వీధుల్లో పుట్టే భయమే చర్చాంశం. "తాళం వేస్తే అనుమానిస్తారు, తెరిచి ఉంచితేనే క్షేమం" అంటుంది ఆ భయం. ఇది క్షేమం కాదు. అమాయకత్వాన్ని రుజువు చేసుకోవడానికి ఇంటి తలుపులు పెరికి బయట పారవేయడం లాంటిది. పైగా పొరుగింటి వ్యాపారి తాళం వేసుకుంటే జాగ్రత్త, మనం వేసుకుంటే కుట్ర అనే కొలతను మనమే అంగీకరించినట్లు అవుతుంది.

చట్టం ఏమంటోంది? గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. పౌరుడు తన ఇంటి కంప్యూటర్‌ను గుప్తీకరించుకోరాదని చెప్పే చట్టం ఈ దేశంలో లేదు. గుప్తీకరించిన సమాచారపు మామూలు ప్రతిని 90 రోజులపాటు ఉంచుకోవాలని 2015 సెప్టెంబరులో కేంద్రం ఒక ముసాయిదా విధానం తెచ్చి, విమర్శలు వెల్లువెత్తగానే వెనక్కి తీసుకుంది. మరోవైపు ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద, దేశ భద్రత వంటి నిర్దిష్ట కారణాలపై, సమాచారాన్ని విప్పి చూపమని ప్రభుత్వం ఆదేశించవచ్చు. సహకరించకపోతే ఏడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. నిందితుణ్ణి పాస్‌వర్డ్ చెప్పమని బలవంతపెట్టవచ్చునా అన్నదానిపై కోర్టుల అభిప్రాయాలు ఒకటిగా లేవు. అలాంటి పరిస్థితి వస్తే న్యాయవాదిని సంప్రదించాలి. కాబట్టి గుప్తీకరణ వల్ల చట్టం చేతులు కట్టుబడిపోతాయన్న మాట అబద్ధం. దానివల్ల కట్టుబడేవి దొంగ చేతులు, కుతూహలపరుడి చేతులు.

ధర్మం దృష్టితో చూసినా సందేహానికి తావు లేదు. ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని దివ్యఖుర్ఆన్ అల్‌హుజురాత్ సూరా 12వ ఆయత్ నిషేధించింది. అనుమతి పొందకుండా పరాయి ఇళ్లలో ప్రవేశించవద్దని అన్‌నూర్ సూరా 27వ ఆయత్ ఆదేశించింది. రహస్య లిపిని ఛేదించే శాస్త్రంపై మనకు లభిస్తున్న అతి ప్రాచీన గ్రంథం రాసింది కూడా తొమ్మిదవ శతాబ్దపు అరబ్బు పండితుడు అల్‌కిందీ. ఇంగ్లీషులో గూఢలిపికి వాడే 'సైఫర్' అనే మాట అరబ్బీ 'సిఫ్ర్' నుంచి పుట్టింది. ఈ విద్య మనకు పరాయిది కాదు. దాన్ని పరాయిదిగా చేసుకున్నది మనమే.

"కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా" అనేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. కంప్యూటర్ తెరవగానే అడిగే పాస్‌వర్డ్ గడప మీది గొళ్ళెం మాత్రమే. గుప్తీకరణ లేని హార్డ్ డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఆ పాస్‌వర్డ్‌తో పనిలేకుండానే ఫొటోలూ కాగితాలూ అన్నీ కనిపిస్తాయి. తుడిచేశామనుకున్న ఫైళ్లు సైతం చాలాసార్లు తిరిగి దొరుకుతాయి. రిపేరుకు ఇచ్చిన యంత్రం, పాతసామాను కింద అమ్మిన డిస్కు, బస్సులో జారిన పెన్‌డ్రైవ్ అన్నీ తెరిచిన పుస్తకాలే. 2021 జూలైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరిలో 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం మహిళల ఫొటోలను వేలానికి పెట్టిన దుర్మార్గాన్ని మరచిపోలేదు కదా? ఆ ఫొటోలు సామాజిక మాధ్యమాల నుంచి తీసుకున్నవి. బహిరంగంగా ఉన్న ఫొటోలతోనే అంతకు తెగించినవారి చేతికి ఒక ఇంటి ఆల్బమ్ మొత్తం చిక్కితే ఏమవుతుంది?

ఇక రెండో వర్గంతో తగాదా. వీరు గుప్తీకరణను వ్యతిరేకించరు. దాన్ని నిపుణుల సొత్తుగా మార్చివేస్తారు. అతి కఠినమైన సాఫ్ట్‌వేరే మంచిదని, తక్కినదంతా వృథా అని చెప్పి సామాన్యుణ్ణి గుమ్మంలోనే ఆపేస్తారు. 1999లో అమెరికాలో విట్టెన్, టైగర్ అనే పరిశోధకులు ఆనాటి ప్రసిద్ధ గుప్తీకరణ సాఫ్ట్‌వేర్ పీజీపీని 12 మంది చేతికిచ్చి గంటన్నర సమయమిచ్చారు. ఎక్కువమంది విఫలమయ్యారు. ముగ్గురైతే రహస్య సందేశాన్ని తాళం లేకుండానే పంపేశారు. వేయడం చేతకాని తాళం వేయని తాళంతో సమానం. కాబట్టి సులభత్వం సోమరితనం కాదు, భద్రతలో అది సగభాగం. పదో తరగతితో చదువు ఆపిన ఇల్లాలు, దుబాయిలో ఉన్న కొడుకును ఫోన్‌లో అడగకుండా, తానే వాడగలగాలి. మన ఇళ్లకు గీటురాయి ఇదే.

ఈ గీటురాయి మీద చూస్తే, కంప్యూటర్‌లో ముందే ఉన్న సదుపాయం మొదటి ఎంపిక కావాలి. విండోస్ 11 హోమ్ ఉన్న చాలా కంప్యూటర్లలో సెట్టింగ్స్‌లోని 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉంటుంది. ప్రో రకంలో 'బిట్‌లాకర్' పూర్తిగా ఉంటుంది. ఆపిల్ మ్యాక్‌లలో దీని పేరు 'ఫైల్‌వాల్ట్'. లినక్స్ వేసుకునేవారికి స్థాపన సమయంలోనే డిస్కు మొత్తాన్ని గుప్తీకరించే అవకాశం వస్తుంది. ఒకసారి అమరిస్తే రోజూ చేయవలసిన పని ఏమీ ఉండదు.

అయితే ఇక్కడ కంపెనీని కూడా నిలదీయాలి. బిట్‌లాకర్ పూర్తి సదుపాయాన్ని ఎక్కువ ధర చెల్లించినవారికే ఇచ్చి, హోమ్ రకం కొన్న సామాన్యుడికి కుదించి ఇవ్వడం ఏం న్యాయం? పైగా హోమ్ రకంలో తాళం పూర్తిగా పడాలంటే మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించాలి. 48 అంకెల రికవరీ కీ నకలు ఆ ఖాతాలోకి చేరుతుంది. చట్టపరమైన ఆదేశం వస్తే కంపెనీ దాన్ని ఇవ్వగలదు. దొంగ నుంచి, దుకాణం నుంచి రక్షణకు ఇది చాలు. చెవి పూర్తిగా తమ చేతిలోనే ఉండాలనుకునేవారికి, పాత కంప్యూటర్లు వాడేవారికి 'వెరాక్రిప్ట్' ఉంది. ఇది ఉచితం, దీని కోడ్‌ను ఎవరైనా పరిశీలించవచ్చు. దీనితో ముఖ్యమైన కాగితాలకు ఒక పెట్టెలాంటి ఫైలు చేసుకోవచ్చు, పెన్‌డ్రైవ్ మొత్తానికీ తాళం వేయవచ్చు. మొదట కొంత నేర్చుకోవాలి, ఆ తర్వాత కష్టం లేదు. ఇంటర్నెట్ నిల్వలో కాగితాలు పెట్టేవారికి 'క్రిప్టోమేటర్' ఇంకా సులువు. పాత 'ట్రూక్రిప్ట్'ను మాత్రం ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు. దాని తయారీదారులే 2014 మేలో దాన్ని వదిలేశారు.

వక్ఫ్ విషయంలో ఇది మరింత గంభీరం. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో ఆస్తుల వివరాలు నమోదు చేయడానికి ఆరు నెలల గడువు పెట్టారు. పత్రాలను ఇంటి కంప్యూటర్లలో, ఇంటర్నెట్ సెంటర్లలో స్కాన్ చేయించిన ముతవల్లీలు ఆ నకళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి లెక్క చూసుకోవాలి. ఖబ్రస్తాన్ దస్తావేజు కబ్జాదారుడి చేతిలో పడటానికి ఒక్క పెన్‌డ్రైవ్ చాలు. అదే సమయంలో చెవి పోతే కాగితాలూ పోయినట్టే. గుప్తీకరణకు దయాదాక్షిణ్యాలు లేవు. అందుకే రికవరీ కీని కాగితంపై రాసి, కవరులో పెట్టి, ఇద్దరు బాధ్యుల బీరువాల్లో వేర్వేరుగా ఉంచాలి. ఫైళ్ల రెండో ప్రతి మరో డిస్కులో ఉండాలి. అసలు దస్తావేజులు ఎలాగూ భద్రంగా ఉండాలి. పాస్‌వర్డ్ పుట్టినతేదీ, ఫోన్ నంబరు కాకూడదు. పొంతన లేని ఆరేడు మాటల వరుస మేలు.

దీన్ని సర్వరోగ నివారిణి అనుకోవద్దు. భీమా కోరెగావ్ కేసులో రోనా విల్సన్ లాప్‌టాప్‌లోకి హానికర సాఫ్ట్‌వేర్ ద్వారా పత్రాలు చొప్పించారని, నిందితుల తరఫున పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. నడుస్తున్న, తెరిచి ఉన్న కంప్యూటర్‌లోకి అలా చొరబడేవారిని డిస్కు తాళం ఆపలేదు. తెలియని లింకులు తెరవకపోవడం, ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం దానికి తోడు కావాలి. సోదా జరిగితే దృశ్య శ్రవణ రికార్డింగ్ తప్పనిసరి అని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఆ రికార్డింగ్‌ను, స్వాధీనం చేసుకున్న పరికరాల హ్యాష్ విలువ నమోదును న్యాయవాది ద్వారా పట్టుబట్టి అడగాలి.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగవలసింది ఒకటుంది. తాళం వేసి ఉందన్న ఒక్క కారణంతో పౌరుణ్ణి అనుమానించరాదని, పరికరాల స్వాధీనానికి స్పష్టమైన నిబంధనలు ఉండాలని అడగాలి. మనం చేసుకోవలసింది ఇంకొకటుంది. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి యువజన సంఘం ఒక ఆదివారం రెండు గంటలు కేటాయించి, మహిళలకు విడిగా, పురుషులకు విడిగా ఈ పని నేర్పించవచ్చు. ఖర్చు లేదు, అనుమతి అక్కరలేదు. పరదాను గౌరవించే సమాజం తన కంప్యూటర్‌ను బజారులో తెరిచి ఉంచడం ఇకనైనా మానాలి.