‘కౌంటు’ వెనకున్న ఫ్రిజ్

“కౌంటు ఎంతొచ్చింది?” అని మా అత్త గొంతు తగ్గించి అడగడం, మామ వేళ్లతో అంకె చూపించడం చిన్నప్పుడు కొమరోల్లో చూశాను. ఏ చీటీపాట లెక్కో అనుకున్నా. అది సీడీ4 కౌంటని, తనకి హెచ్‌ఐవీ ఉందని చాలా ఏళ్ల తర్వాత ఆయనే చెప్పాడు. ఆ అంకె కోసం తెల్లారకముందే బస్సెక్కి, గిద్దలూరు, కంభం, మార్కాపురం, పొదిలి దాటుకుని ఒంగోలు పోయేవాడట. ఒకసారి దగ్గర్లోనే రక్తం ఇస్తే, అది దారిలో చెడిపోయిందని మళ్లీ రమ్మన్నారట. ఇంకో రోజు కూలి పోయింది. ఊళ్లో చెప్పడానికి ఇంకో అబద్ధం వెతుక్కోవాల్సి వచ్చింది.

మన క్లాసులో ఫ్లో సైటోమెట్రీ అంటే లేజరు, డిటెక్టరు, సాఫ్ట్‌వేరు. ఫెస్టు ప్రాజెక్టులూ అక్కడే తిరుగుతాయి. నా గొడవ దాంతోనే. కణాలు ఒకదాని వెనక ఒకటి లేజరు ముందు నుంచి పోతుంటే, చెదిరిన కాంతిని బట్టి తెలిసేది కణం సైజు, లోపలి గరుకుతనం. లింఫోసైట్ల గుంపు వరకు అలా వేరు చేయొచ్చు. ఆ గుంపులో ఏది సహాయక టీ కణం, ఏది బీ కణం అని అడిగితే లేజరు తెల్లమొహం వేస్తుంది. ఆనవాలు పట్టేది మోనోక్లోనల్ యాంటీబాడీ. ఒకటి సీడీ3ని, ఇంకోటి సీడీ4ని పట్టుకుంటాయి. ఒక్కోదానికి ఒక్కో వెలిగే రంగు తగిలించి ఉంటుంది. రెండు రంగులూ వెలిగిన కణమే లెక్కలోకి వస్తుంది, ఎందుకంటే మోనోసైట్ల మీద కూడా సీడీ4 కాస్త ఉంటుంది. 1975లో కోలర్, మిల్‌స్టైన్ ఎలుక బీ కణాన్ని క్యాన్సర్ కణంతో కలిపి, ఒకే రకం యాంటీబాడీని తరగకుండా తీసే దారి చూపారు. ఈ పరీక్ష నిలబడింది దాని మీదే.

ఆ యాంటీబాడీని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టనీయకూడదు. తీసిన రక్తాన్ని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గది ఉష్ణోగ్రతలో ఉంచి, మామూలుగా రెండు రోజుల్లోపే చూసేయాలి. మే నెలలో మా వైపు గది ఉష్ణోగ్రత అంటే ఏమిటో, కరెంటు ఎలా పోతుందో వేరే చెప్పాలా? అందుకే మిషను దూరంగా ఉంటుంది. మనిషైనా అక్కడికి పోవాలి, రక్తమైనా పోవాలి.

2017 నుంచి కౌంటు ఎంతున్నా మందులు మొదలుపెడుతున్నారు కదా, ఇంకెందుకీ గోల అని మా రూమ్మేట్ వాదన. సగం నిజమే. మందులకి ఆ అంకె అక్కర్లేదు. కానీ మైక్రోలీటరుకి 200 కంటే తక్కువున్న మనిషి పైకి బాగానే కనిపించొచ్చు. టీబీ లాంటివి మీద పడే ప్రమాదం అతనికే ఎక్కువ. ముందే పసిగట్టాలంటే కౌంటు కావాలి. 200కి పైనా, కిందా అని మాత్రమే చెప్పే స్ట్రిప్ పరీక్షలూ వచ్చాయి. వాటిలో లేజరు లేదు, యాంటీబాడీ ఉంది.

అందుకే మేజర్ ప్రాజెక్టుకి నాకు ఇంకో ఇమేజ్ క్లాసిఫయర్ వద్దు. కరెంటు ఆరు గంటలు పోయినా 8 డిగ్రీలు దాటని పెట్టె, రక్తం ట్యూబు బస్సులో ఎంత వేడి చూసిందో నమోదు చేసే చిన్న సెన్సరు, ఈ రెండూ చాలు. ట్రిపుల్‌ఈ, మెకానికల్ వాళ్లెవరైనా కలుస్తారా? మామకి చెబితే, “ఆ పెట్టెని ఇంజను పక్కన మాత్రం పెట్టనీయొద్దురా, అక్కడ కాళ్లే కాలిపోతాయి” అన్నాడు.