గృహజీవనము: కుక్కపిల్లల కొఱుకుడు



కుక్కపిల్ల యింటికి వచ్చిన నాలుగు దినములకే చెప్పులు, చాప యంచులు, పిల్లల పుస్తకములు దాని నోట బడుట మీ రెఱిగినదే. కోపము వచ్చుటయు సహజమే. కాని కఱ్ఱ యందుకొనుటకు ముందు అదేల కొఱుకుచున్నదో విచారింపవలయును.

కుక్కపిల్లకు పాలపండ్లు 28. మూడు నాలుగు మాసముల వయస్సున అవి యూడ మొదలిడి, ఏడవ మాసము నాటికి 42 దంతములు వచ్చును. ఆ నడిమికాలమున చిగుళ్లు సలుపుచుండును గావున దొరికినదెల్ల కొఱుకును. మన పసిబిడ్డలు పిడికిలి నోట నుంచుకొనుటయు నిట్టిదే. ఎదిగిన కుక్కకు కారణములు వేఱు: దినమంతయు గొలుసున గట్టి యుంచుట, పొద్దుపోకపోవుట, ఇంటివారెల్లరు వెడలిపోగా కలిగెడు బెంగ.

చెప్పు పోయినచో క్రొత్తది కొనవచ్చును. ప్రాణమునకు ముప్పు తెచ్చునవి వేఱుగ నున్నవి. ఉడికించిన యెముక చీలికలై గొంతున, ప్రేగులలో గ్రుచ్చుకొనును. మామిడి టెంక, మొక్కజొన్న కండె, మేజోడు అరుగక ప్రేగున కడ్డుపడును. చాకొలెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్, చక్కెర లేని చూయింగు గమ్ములలో కలిపెడు జైలిటాలు, మనము వేసికొను మాత్రలు, పెరటి గన్నేరు దానికి విషతుల్యములు. బిళ్ల బ్యాటరీ కడుపులో పుండు చేయును. విద్యుత్తు తీగ మాట చెప్పనేల?

ఇక దండన సంగతి. ఆదిపర్వమున జనమేజయుని తమ్ములు నిరపరాధియైన తన కుమారుని కొట్టిరని సరమ యను దేవశుని వచ్చి యడిగిన కథ మీరు చదివియే యుందురు. గడియ క్రిందట కొఱికిన చెప్పునకై యిప్పుడు కొట్టినచో, కుక్కపిల్లకు అదియు నిరపరాధదండనమే. ఆ రెంటికిని గల సంబంధము దానికి తెలియదు. అది తల వంచుట తప్పొప్పుకొనుట గాదు. కుక్కల యా దీనదృష్టి యజమాని గద్దింపునకే కలుగునని, తప్పు చేయని కుక్కయు నట్లే చూచునని అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను పండితురాలు 2009లో పరీక్షించి ప్రకటించినది. అంతేకాదు, వెంటబడి లాగుకొనబోయినచో, పోవునను తొందరలో నోటిలోనిది మ్రింగివేయును. అందే యపాయము.

కావున లాగుకొనక మార్పిడి చేయుడు. రుచియైన ముక్క చూపి, పట్టినది విడువగనే దాని నిచ్చి మెచ్చుకొనుడు. పిమ్మట దాని సొంత రబ్బరు బొమ్మ నందింపుడు. బొమ్మ మ్రింగరానంత పెద్దదై, గోటితో నొక్కిన కొంచెము లొంగునదై యుండవలెను. మిక్కిలి గట్టిదైనచో పండ్లు విఱుగును. పాత చెప్పు నెన్నడు నీయకుడు. పాతక్రొత్తల భేదము దానికి తెలియదు. ఉదయసాయంకాలములు త్రిప్పి తెచ్చినచో కొఱుకుడు చాల తగ్గును.

తీగ కొఱికినచో ముందు విద్యుత్తు నాపి, పిదప తాకుడు. ఏదేని మ్రింగినచో ఉప్పునీరు పోసి వాంతి చేయింపక, దారము వ్రేలాడుచున్నను లాగక, వెంటనే పశువైద్యుని యొద్దకు గొనిపొండు.

నేడే కుక్కపిల్ల యెత్తునకు వంగి వంటయిల్లు, పడకగది యొకసారి పరికింపుడు. దాని నోటి కందునట్టి వేవి కనబడునో వానిని పైకెత్తి పెట్టుడు.