అచ్చోసిన ఆంబోతు, పన్నెండంకెల బర్రె

పోయిన వానాకాలం మా మామ బర్రె చచ్చిపోయింది. మాది బచ్చన్నపేట. నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు, 2016లో, వరంగల్ నుంచి విడదీసి జనగామ జిల్లాలో కలిపారు. మామ ఫోన్ చేసి "అల్లుడా, బర్రె పాయె" అన్నాడు. "ఇన్సూరెన్సుంది గదా మామా" అన్నా, మహా తెలివైనవాడిలా.

ఇన్సూరెన్సుంది. చెవికి పోగే లేదు. సర్కారు తుమ్మ కంపల్లో దూరి ఎక్కడో తెంపుకొచ్చింది. మళ్ళీ వేయించాలని మామకీ తెలుసు. నాట్ల టైము, రేపు మాపు అనుకుంటుండగా రెండు వారాలు గడిచాయి, ఈలోగా బర్రె పోయింది. కంపెనీ వాళ్ళ మాట ఒకటే: పోగు లేకపోతే పైసల్లేవు.

నేను లీవు పెట్టి వెళ్ళి కాగితాలన్నీ తిరగేశా. పాలసీ ఫారంలో బర్రె వర్ణనకి గళ్ళున్నాయి, లేకేం. రంగు: నలుపు. కొమ్ములు: ఉన్నాయి. ఇతర గుర్తులు: ఒక గీత. నలుపు అని రాస్తే మండలంలో ఏ బర్రెకి సరిపోదు చెప్పండి? అదే మామనడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: ఎడమ కొమ్ము చెవి మీదికి వంగి కొస విరిగి ఉంటది, నొసట రూపాయి బిళ్ళంత తెలుపు, తోక కుచ్చు తెలుపు, వీపు మీద జంట సుడి. "నా బర్రెను నేను గుర్తువట్టనా బిడ్డా?" అన్నాడు. ఆయన గుర్తుపడతాడు. ఆఫీసులో ఆయన సాక్ష్యానికి గడి లేదు.

ఆ కోపంలోనే పశువుల గుర్తుల గురించి చదవడం మొదలుపెట్టా. ముందు ఆశ్చర్యపరిచింది అర్థశాస్త్రం. అందులో గోధ్యక్షుడని ఒక అధికారి ఉంటాడు. దూడ పుట్టిన నెలా రెండు నెలల్లో గుర్తు వేయించాలి. రిజిస్టర్లో నాలుగు విషయాలు ఎక్కించాలి: మనం వేసిన గుర్తు, పుట్టుకతో వచ్చిన గుర్తు, రంగు, కొమ్ముల మధ్య ఎడం. టేబుల్ డిజైన్ చేసిన వాళ్ళకి అర్థమవుతుంది, ఇది కాంపోజిట్ కీ. ఒకటి పోయినా మిగతా మూడూ ఆదుకుంటాయి. పాణిని అయితే పశువుల చెవుల మీద వేసే గుర్తుల పేర్లకి ఏకంగా ఒక వ్యాకరణ సూత్రమే రాశాడు. ఎనిమిది, అయిదు, స్వస్తికం, చిల్లు, అన్నీ ఉన్నాయందులో. ఇక భారతంలో ఘోషయాత్ర తెలిసిందే. పాండవుల ముందు దర్జా ఒలకబొయ్యడానికి అడవికి పోతూ దుర్యోధనుడు తండ్రికి చెప్పించిన సాకు, మందల్ని లెక్కపెట్టి లేగలకి గుర్తులు వేయించొస్తామని. మనం ఆన్‌సైట్ ట్రిప్ అప్రూవల్‌లో రాసే బిజినెస్ పర్పస్ లాంటిదన్నమాట.

గుర్రాల కథ ఇంకా మజా. అల్లావుద్దీన్ ఖిల్జీ తన సైన్యంలో గుర్రాలకి వాత వేయించే పద్ధతి పెట్టాడు, దాన్ని 'దాగ్' అంటారు. తర్వాత అక్బరు మళ్ళీ తెచ్చాడు. ఎందుకంటే లెక్క చూసే రోజు ఒకే గుర్రాన్ని ఇద్దరు ముగ్గురు చూపించి జీతాలు తీసుకునేవాళ్ళు, మంచి గుర్రాన్ని అమ్ముకుని బక్కదాన్ని తెచ్చి నిలబెట్టేవాళ్ళు. గుర్రానికి దాగ్, రౌతుకి 'చెహ్రా', అంటే ముఖకవళికల చిట్టా. టూ ఫ్యాక్టర్ అథెంటికేషన్ అని మనం కొత్తగా కనిపెట్టాం అనుకుంటాం.

ఏడొందల ఏళ్ళ తర్వాత మనం ఏం చేశామో కూడా చూడాలి. 2017 జూన్‌లో మన రాష్ట్రంలో గొర్రెల పంపిణీ మొదలైంది. ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్, లక్షా పాతిక వేలు, అందులో 75 శాతం సబ్సిడీ. గొల్ల కురుమలున్న మా ఊళ్ళ వైపు అది మామూలు విషయం కాదు. 2024 ఫిబ్రవరిలో అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో ఒకే ట్యాగ్ నంబరు ఒకటికి మించిన గొర్రెలకి ఉందని, గొర్రెల్ని తోలిన బండ్లని చూపించిన నంబర్లలో మోటారు సైకిళ్ళు, అంబులెన్సులు ఉన్నాయని తేలింది. ప్రైమరీ కీ రెండుసార్లు ఎక్కితే అది డేటా ఎంట్రీ తప్పు కింద సర్దేసుకోవచ్చా? ఖిల్జీ కాలపు లెక్కలవాడైతే ఆ రోజే పట్టుకునేవాడు.

ఇంతకీ మన భాషలోనే ఒక గుర్తుంది, దాన్ని తిట్టుగా మార్చేశాం. 'అచ్చోసిన ఆంబోతు' అని పనీపాటా లేని కుర్రాళ్ళని అంటాం కదా (నన్ను చాలాసార్లన్నారు). అచ్చు అంటే కాల్చిన ఇనుముతో వేసిన ముద్ర. పోయినవాళ్ళ పేరు మీద కోడెకి త్రిశూలమో చక్రమో అచ్చేసి వదిలేసేవాళ్ళు. వెస్ట్రన్ సినిమాల్లో కౌబాయ్ వేసే వాత 'ఇది నాది' అని చెబుతుంది. మన అచ్చు 'ఇది ఎవరిదీ కాదు, కట్టెయ్యకండి, కొట్టకండి' అని చెప్పేది. చేను మేసినా అదిలించి పంపేవాళ్ళట. రిజిస్టరు అక్కర్లేదు, చూసిన ప్రతివాడూ చదవగలిగేవాడు.

అలాగని మళ్ళీ ఇనుము కాల్చమని నేననడం లేదు. ఆ మంట మన తొడ మీద పెట్టుకుంటే తెలుస్తుంది. 2019లో మొదలైన గాలికుంటు టీకాల కార్యక్రమం ఆ పసుపు పోగుల మీదే నడుస్తోంది. ఏ పశువుకి ఏ టీకా పడిందో పన్నెండంకెల నంబరు మీద భారత్ పశుధన్‌లో ఎక్కుతుంది. మంచిదే. నా తగాదా ఆ నంబరుతో కాదు, నంబరొచ్చాక మిగతా గళ్ళు నింపడం మానేసిన మనతో. పోగు ప్లాస్టిక్కు, తెగుతుంది. తెగినప్పుడు బర్రె ఏదో తేల్చడానికి కొమ్మూ సుడీ ఉన్నాయి, వాటిని శ్రద్ధగా రాయండి, రాసినదాన్ని సాక్ష్యంగా ఒప్పుకోండి. ఫోనులో కెమెరా ఉన్న కాలంలో ఇది అంత కష్టమా?

దసరాకి మామ ఇంకో బర్రెను కొన్నాడు. పోగు వేసే రోజు నేనూ ఉన్నా. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశా, కొమ్ముల మధ్య ఎడం టేపుతో కొలిచా. సుడులు రాస్తుంటే మామ పకపకా నవ్వి, "పెండ్లి సూపులకొచ్చినవా అల్లుడా?" అన్నాడు. ఆ కాగితం ఫారానికి పిన్ను కొట్టించడానికి మాత్రం పావుగంట బతిమాలాల్సి వచ్చింది.