‘ఇంటికి తీసుకెళ్లండి’ అన్నాక...

2022లో నేను ఈ హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు మా నాయనకు నోటి క్యాన్సర్ ముదిరింది. "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు పెద్దాసుపత్రిలో. తీసుకెళ్లాం. నెలన్నర పాటు నాయనకు నిద్ర లేదు. ఆర్‌ఎంపీ వేసే ఇంజక్షన్ రెండు గంటలకే దిగిపోయేది. అవ్వ కూలి మానుకొని మంచం పక్కనే కూర్చుంది.

పీజీలో చేరాక తెలిసింది, చేయాల్సింది చాలా ఉందని. దాని పేరు పాలియేటివ్ కేర్. జబ్బు నయం కాకపోయినా నొప్పి, ఆయాసం, పుండ్ల బాధ తగ్గించే వైద్యం. మా జిల్లా ఆసుపత్రిలో అప్పటికే ఆ విభాగం ఉంది. మాకు చెప్పినవారే లేరు!

క్యాన్సర్ నొప్పికి ముఖ్యమైన మందు మార్ఫిన్. అది నల్లమందు నుంచి వస్తుంది. ఆ పంట మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో ప్రభుత్వ అనుమతితోనే పండుతుంది. 1985 నాటి మత్తుమందుల చట్టానికి భయపడి ఆసుపత్రులు ఆ మందు పెట్టుకోలేదు. 2014లో చట్టాన్ని సవరించారు. భయం మాత్రం పూర్తిగా పోలేదు. ప్రపంచంలో ఈ వైద్యం అవసరమైన వారిలో 14 శాతం మందికే అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కేరళను చూడండి. 1993లో కోజికోడ్‌లో కొద్దిమందితో మొదలైన పని 2008లో ప్రభుత్వ విధానమైంది. అక్కడ పంచాయతీ తరఫున నర్సు రోగి ఇంటికే వస్తుంది. మన తెలంగాణలోనూ జిల్లాల్లో కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే ‘ఆలన’ వాహనాలు ఏర్పాటయ్యాయి. సంతోషమే. కానీ ఎన్ని కేంద్రాలున్నాయని లెక్కపెడితే సరిపోతుందా? మంచం దిగలేని మనిషి రెండు బస్సులు మారి జిల్లా కేంద్రానికి ఎలా పోతాడు? కాగితం మీద ఉండటం వేరు, మంచం దగ్గరికి రావడం వేరు.

బతికించడానికే డబ్బుల్లేవు, పోయేవాళ్లకు ఖర్చెందుకు అనేవారూ ఉన్నారు. ఇది పెద్ద యంత్రాలతో పని కాదు. కొన్ని మాత్రలు, శిక్షణ పొందిన ఒక నర్సు, ఒక బండి చాలు. ఇంటికి పంపే డాక్టరు ఆ చీటీ మీదే దగ్గరి కేంద్రం పేరు రాయాలి. ఊళ్లోని ఆశా కార్యకర్తకు ఆ కబురు అందాలి. నా దృష్టిలో లెక్క అక్కడి నుంచే మొదలవ్వాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మన ఇళ్లల్లో ఆసుపత్రి కాగితం చదవగలిగేది చాలాసార్లు మనం ఒక్కరమే. "ఇంటికి తీసుకెళ్లండి" అన్న రోజున "నొప్పి తగ్గించే వైద్యం ఎక్కడ దొరుకుతుంది సార్?" అని అడగాల్సిందీ మనమే. ఆ రోజు నాకు తెలియక అడగలేదు. మీరు అడగండి.